నలభై సెకన్లా, నలభై ఎనిమిదా: ఒక ఆర్36ఎస్ కేసు

మా షాపు పర్లాకిమిడిలో ఉంది. అసలు వ్యాపారం మొబైల్ రిపేరు: డిస్‌ప్లేలు, చార్జింగ్ పిన్నులు, ఉబ్బిన బ్యాటరీలు. రెండు మూడేళ్లుగా చేత్తో పట్టుకుని పాతకాలపు గేములు ఆడుకునే రెట్రో గేమ్ మెషీన్లు కూడా రావడం మొదలైంది. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. కస్టమర్లలో సగం మంది అటువైపు వాళ్లే. బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది.

ఈ కేసులో నేను మూడుసార్లు తప్పులో కాలేశాను. మూడుసార్లూ ఆధారం నా బల్ల మీదే ఉంది, నేనే చూడలేదు. ఈ మెషీన్లు సెట్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

కస్టమర్ ఒక లెక్కల మేష్టారు. నలభై దాటాయి. కొడుకు పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో ఆర్36ఎస్ అనే రెట్రో గేమ్ మెషీన్ తెప్పించారు. కొడుకు పేరు చెప్పి తన కోసమే కొనుక్కున్నారని తర్వాత అర్థమైంది. ఒక శనివారం సాయంత్రం తండ్రీ కొడుకూ ఇద్దరూ వచ్చారు. కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు.

"తమ్ముడూ, మా గుంటడు ఇందులో కార్డు తీసి కంప్యూటర్లో పెట్టినాడు. ఏటో నొక్కేసినాడు. అప్పట్నించి బొమ్మ దగ్గరే ఆగిపోతంది."

ఆన్ చేసి చూశాను. లోగో వచ్చింది. అంతే, అక్కడే ఆగిపోయింది. రెండు నిమిషాలు చూసినా కదల్లేదు.

కుర్రాణ్ణి అడిగితే నిజం చెప్పాడు. కార్డు పెట్టగానే కంప్యూటరు "ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అందట, సరే అన్నాడట. ఇందులో వాడి తప్పు పెద్దగా లేదు. ఈ మెషీన్‌లో నడిచేది ఆర్క్‌ఓఎస్ అనే లినక్స్ సిస్టమ్. కార్డులో మూడు భాగాలుంటాయి. మొదటిది బూట్, చిన్నది, విండోస్ చదవగలిగేది. రెండోది అసలు సిస్టమ్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఉంటుంది. మూడోది గేములు పెట్టుకునే చోటు, ఈజీరామ్స్ అని పేరు. రెండోదాన్ని విండోస్ చదవలేదు. చదవలేనిది కనిపిస్తే ఖాళీ డిస్క్ అనుకుని ఫార్మాట్ చేయమంటుంది. అక్కడ కాన్సిల్ నొక్కాలి. ఈ ఒక్క మాట పెట్టె మీద స్టిక్కరు వేసి ఇస్తే నాకొచ్చే ఇలాంటి కేసుల్లో సగం రావు.

సరే, సిస్టమ్ పోయింది, కొత్తగా ఎక్కించాలి. అరగంట పని అనుకుని "రేపు పొద్దున్నే తీసుకెళ్లండి మేష్టారూ" అనేశాను.

పాత కార్డు పేరూ ఊరూ లేనిది. ఈ మెషీన్లతో వచ్చే కార్డులు చాలావరకు అలాంటివే, ఎప్పుడు పోతాయో చెప్పలేం. అందుకే మంచి కంపెనీ కార్డులు రెండు తీసుకున్నాను: సిస్టమ్‌కి 32 జీబీ, గేములకి 64 జీబీ. ఆర్36ఎస్‌కి కార్డు గాట్లు రెండుంటాయి. సిస్టమ్ ఒకదాంట్లో, గేములు వేరేదాంట్లో ఉంటే, రేపు సిస్టమ్ కార్డు పోయినా గేములూ సేవ్‌లూ మిగులుతాయి. కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ వేసి చివరిదాకా రాయించి, చదివించి చూస్తాను. 64 అని రాసి లోపల 8 ఉన్న కార్డులు మా దగ్గర కూడా దొరుకుతాయి మరి. అది కాస్త ఆలస్యమవుతుంది, ఫ్యాన్ కింద పెట్టి టీ తాగొస్తే సరి.

ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దింపి, సెవెన్‌జిప్‌తో విప్పి, బలేనా ఎచర్‌తో కార్డుకి రాసి, మెషీన్‌లో పెట్టి ఆన్ చేశాను. స్క్రీను నల్లగా ఉంది. లైటు వెలుగుతోంది, స్క్రీను మాత్రం నలుపే. మొదటిసారి ఆన్ అయినప్పుడు గేముల భాగాన్ని కార్డు సైజుకి తగ్గట్టు పెంచుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి ఓపిక పట్టాను. పది నిమిషాల తర్వాత డీ ప్యాడ్ (దిక్కుల బటను) కిందకి నొక్కితే స్పీకర్లోంచి టిక్, టిక్ అని వినిపించింది. అంటే సిస్టమ్ లేచింది, మెనూ తిరుగుతోంది, మనకి కనిపించడం లేదంతే.

ఇక్కడ ఆర్36ఎస్ గురించి ఒక సంగతి చెప్పాలి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి: రాక్‌చిప్ ఆర్‌కే3326 చిప్పు, ఒక జీబీ ర్యామ్, 3.5 అంగుళాల స్క్రీను, 640 బై 480. కానీ తయారీలో దొరికిన ప్యానెల్ దొరికినట్టు బిగిస్తారు. ఒకే పేరు మీద నాలుగైదు రకాల ప్యానెళ్లు తిరుగుతున్నాయి. ప్రతిదానికీ మొదలుపెట్టే పద్ధతి వేరు, టైమింగులు వేరు. మన కంప్యూటర్లో లాగా స్క్రీను తన వివరాలు తానే చెప్పుకోదు. బూట్ భాగంలో డీటీబీ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ పిన్నుకి ఏ బటను, ఏ ప్యానెల్‌ని ఎలా లేపాలి, ఇవన్నీ అందులో రాసి ఉంటాయి. వంటింటి గోడకి అతికించిన చీటీ అనుకోండి, పప్పు ఏ డబ్బాలో ఉంది, ఉప్పు ఏ డబ్బాలో ఉంది అని. వేరే ఇంటి చీటీ తెచ్చి అతికిస్తే డబ్బాలు అవే, వంట మాత్రం కుదరదు.

నేను రాసిన ఇమేజ్‌లో ఉన్న డీటీబీ ఈ మెషీన్ ప్యానెల్‌ది కాదు. ఇంతవరకు ఊహించాను. కానీ ఏ ప్యానెల్లో ఎలా తెలుసుకోవడం?

వెనక స్క్రూలు విప్పి బోర్డు చూశాను. బోర్డు మీద నంబరు ఉంది కానీ దాన్నిబట్టి ప్యానెల్ చెప్పలేం. ఇక ఒక్కొక్క ప్యానెల్ డీటీబీ కార్డులో పెట్టి చూడటం మొదలుపెట్టాను. మెషీన్ ఆపడం, కార్డు తీయడం, లాప్‌టాప్‌లో పెట్టడం, ఫార్మాట్ చేయమంటే కాన్సిల్, ఫైలు మార్చడం, మళ్లీ కార్డు, మళ్లీ ఆన్. ఒకదానికి నలుపు. ఇంకోదానికి తెల్లటి గీతలు. మూడోదానికి బొమ్మ వచ్చింది గానీ వానలో బస్సు అద్దంలోంచి చూసినట్టు వణుకుతోంది. రాత్రి పదిన్నర అయింది. ఇంట్లోంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

షట్టరు సగం దించాక వెలిగింది. మేష్టారు తెచ్చినప్పుడు లోగో వచ్చింది కదా! లోగో బొమ్మ ఉండేది కూడా బూట్ భాగంలోనే. లోగో కనిపించిందంటే బూట్ భాగం చెక్కుచెదరలేదన్నమాట. కుర్రాడు ఫార్మాట్ చేసింది రెండో భాగాన్ని మాత్రమే. ఈ ప్యానెల్‌కి సరిపోయే చీటీ, ఫ్యాక్టరీలో పెట్టిందే, పాత కార్డులో భద్రంగా ఉంది. ఆ కార్డు నాలుగు గంటల నుంచీ నా మోచేతి పక్కన, స్క్రూల గిన్నెలో పడుంది.

పాత కార్డు బూట్ భాగంలోంచి డీటీబీ తీసుకున్నాను. కొత్త కార్డులో బూట్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు తెరిచి, అది ఏ పేరున్న డీటీబీని పిలుస్తోందో చూసి, ఆ పేరే పెట్టి కాపీ చేశాను. ఆన్ చేస్తే ఎమ్యులేషన్‌స్టేషన్ అనే గేముల మెనూ నిండు రంగుల్లో వచ్చింది. రెండు నిమిషాల పని.

అప్పటి నుంచి ఏ మెషీన్ వచ్చినా మొదట చేసేది ఒకటే: పాత కార్డు బూట్ భాగం మొత్తం లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ, కస్టమర్ బిల్లు నంబరుతో. కొన్ని ఎంబీలు. మెషీన్ బాగున్నా సరే చేస్తాను. ఒక హెచ్చరిక: ఆర్36ఎస్ పేరుతో నకిలీ బోర్డులు కూడా వస్తున్నాయి, వాటికి ఈ డీటీబీ మార్పిడి పనిచేయకపోవచ్చు, వాటి సిస్టమే వేరు. అందుకే కాపీ తీయకుండా దేన్నీ ముట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున్న మేష్టారు వచ్చారు. మెషీన్ చేతిలో పెట్టాను. కాసేపు తిప్పి చూసి, "మన సెగా గేము లేదేటి ఇందులో?" అన్నారు.

సెగా అనగానే ఆ కంపెనీ పెట్టె మెగాడ్రైవ్ ఫోల్డర్ తెరిచి చూపించాను. కాదన్నారు. మాస్టర్ సిస్టమ్ చూపించాను. అదీ కాదన్నారు. "సెగా అంటే సెగా బాబూ, పచ్చ క్యాసెట్ పెట్టేవాళ్లం, మారియో ఉండేది" అన్నారు. మారియో నింటెండో కంపెనీది, సెగాలో మారియో ఏమిటి? మేష్టారే మరిచిపోయి ఉంటారని నాలో నేను నవ్వుకున్నాను. ఇది రెండో తప్పు.

ఆయన మరిచిపోలేదు. మధ్యాహ్నం ఇంటికెళ్లి క్యాసెట్ పట్టుకొచ్చారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఇంట్లో నీళ్లు చేరి పాత పెట్టె, ప్యాడ్లు, అడాప్టరు అన్నీ పోయాయట. అటక మీద ఉన్న ఈ ఒక్కటి మిగిలింది. పసుపు రంగు ప్లాస్టిక్, మీద స్టిక్కరు సగం ఊడిపోయింది, లక్షల్లో గేములున్నాయని చెప్పే అంకె మాత్రం మిగిలింది. తిప్పి అడుగున పళ్లు లెక్కపెట్టాను: ఒకవైపు ముప్పై, రెండోవైపు ముప్పై. మొత్తం అరవై. మెగాడ్రైవ్ క్యాసెట్‌కి 64 ఉంటాయి. అమెరికా నింటెండోకి 72. అరవై అంటే నింటెండో జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్, 1983లో వచ్చింది. దానికి నకళ్లుగా చేసిన టీవీ గేములే తొంభైల్లో మన ఊళ్లలో అమ్ముడుపోయినవి. బరంపురంలోనో వైజాగ్‌లోనో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకునేవాళ్లు. ఏ పెట్టెనైనా "సెగా" అనడం మా వైపు మామూలే, ఏ పళ్లపొడినైనా కోల్గేట్ అన్నట్టు. ఆయన మాట తప్పయినా జ్ఞాపకం తప్పు కాదు. నేను మాట పట్టుకుని జ్ఞాపకాన్ని కొట్టిపారేశాను.

ఇక గేముల విషయం. గేముల ఫైళ్లు నేను ఎక్కించను. ఆ గేముల మీద కంపెనీలకి హక్కులు ఇంకా ఉన్నాయి, మన కాపీరైట్ చట్టం, 1957, వాటికీ వర్తిస్తుంది. మెషీన్‌తో వేల గేములు నింపి అమ్ముతున్నారు కదా అని చాలామంది అడుగుతారు. అమ్మేవాళ్ల సంగతి వాళ్లది. నేను మెషీన్ సెట్ చేస్తాను, ఉచితంగా పంచుకోవచ్చని రాసినవాళ్లే చెప్పిన గేములు వేసిస్తాను: 2004లో ఒక్క మనిషి రాసి ఉచితంగా వదిలిన కేవ్ స్టోరీ, గేమ్‌బాయ్‌కి టోబు టోబు గర్ల్, డూమ్ ఇష్టపడేవాళ్లకి ఫ్రీడూమ్. నిజం చెప్పాలంటే కేవ్ స్టోరీ ఒక్కటి చాలు, నెలరోజులు గడిచిపోతాయి. మేష్టారు తన పాత కార్డులోని మూడో భాగం లోంచి కావలసిన ఫైళ్లు తన లాప్‌టాప్‌లో తనే కాపీ చేసుకున్నారు. అందులో మారియో ఒకటి.

సోమవారం సాయంత్రం స్కూలు నుంచి తిన్నగా షాపుకే వచ్చారు. ముఖం బాగోలేదు.

"తమ్ముడూ, ఇది మా మారియో కాదు."

"అదే గేము మేష్టారూ."

"గేము అదే. పరుగు వేరు. పాట కూడా తరుముకొస్తన్నట్టుంది. మొదటి గోతిలోనే పడిపోతన్నాను. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటేవోణ్ణి."

నేనేమన్నానంటే, ముప్పై ఏళ్లయింది కదా మేష్టారూ, చెయ్యి అలవాటు తప్పుతుంది, వయసు కూడా... ఆయన ఏమీ అనలేదు. స్టూలు మీద కూర్చుని, పాట ఎలా ఉండేదో గొంతుతో అని చూపించారు. బల్ల మీద వేలితో తాళం కూడా వేశారు. మెషీన్‌లోని పాట పక్కన పెడితే ఆయనది నిజంగానే నెమ్మదిగా ఉంది. మనిషి జ్ఞాపకంలో తాళం కాస్త జారుతుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రతిసారీ అంతే దూరం జారుతుందా? మూడుసార్లు పాడించాను. మూడుసార్లూ దాదాపు ఒకే వేగం. లెక్కల మేష్టారు కదా.

ఇది మూడో తప్పు, అన్నిటికంటే సిగ్గుపడాల్సింది. ఆయన చేతిని తప్పుపట్టాను, మెషీన్‌ని అనుమానించలేదు.

సంగతి ఇదీ. ఆ రోజుల్లో జపాన్, అమెరికాల్లో టీవీలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, సెకనుకి అరవైసార్లు బొమ్మ మార్చేవి. మన టీవీలు పాల్ పద్ధతి, సెకనుకి యాభై. ఆ కాలపు గేములు గడియారం చూసుకుని నడవవు, బొమ్మ మారిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తాయి. అరవైకి రాసిన గేముని యాభైకి నడిపే పెట్టెలో పెడితే మారియో నెమ్మదిగా పరుగెడతాడు, పాట నెమ్మదిగా సాగుతుంది. దాదాపు ఆరోవంతు తగ్గుదల. మన పిల్లలంతా నేర్చుకున్నది ఆ నెమ్మది మారియోనే. ఇప్పుడు ఎమ్యులేటర్, అంటే పాత పెట్టెలా నటించే ప్రోగ్రామ్, గేము ఫైలు చూసి ఇది అరవైదని గుర్తుపట్టి, జపాన్‌లో ఎలా నడిచిందో అలా నడుపుతోంది. దాని లెక్కన అదే సరైనది. పాతపట్నంలో మాత్రం ఆ వేగం ఎవరూ చూడలేదు.

ఊహ సరిపోదు, కొలవాలి. మారియోలో పైన టైము 400 నుంచి తగ్గుతుంటుంది కదా, అది సెకన్లు కాదు, 24 ఫ్రేములకి (ఫ్రేము అంటే ఒక బొమ్మ) ఒకటి చొప్పున తగ్గుతుంది. మొదటి లెవెల్లో మారియోని శత్రువులెవరూ రాని చోట కదపకుండా నిలబెట్టాను. అంకె 350 దగ్గరికి రాగానే ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి, 250 దగ్గర ఆపాను. వంద అంకెలకి 2,400 ఫ్రేములు. అరవై చొప్పున నలభై సెకన్లు రావాలి. నలభై వచ్చింది. యాభై పెట్టెలో నలభై ఎనిమిది రావాలి. మేష్టారు ఈ లెక్క నాకంటే ముందు నోటితోనే చేసేశారు.

ఇప్పుడు మార్చడం. గేము నడుస్తుండగా రెట్రోఆర్క్ (ఎమ్యులేటర్లని నడిపే ప్రోగ్రామ్) మెనూ తెరిచి, ఎఫ్‌సీఈయూఎంఎం కోర్ (ఫ్యామికామ్ గేములు నడిపే ఎమ్యులేటర్) ఆప్షన్లలో రీజియన్ అన్నది వెతకాలి. ఆటో, ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ అని ఉంటాయి. నేను మొదట పాల్ పెట్టాను, మన టీవీ పాలే కదా అని. పరుగు తగ్గింది. మేష్టారు రెండు క్షణాలు విని తల అడ్డంగా ఊపారు. "పాట బొంగురుపోయింది."

చెవి గొప్పది. పాల్ అంటే యూరప్‌లో నింటెండో అమ్మిన అసలు పెట్టె. దాని ప్రాసెసర్ వేగమే తక్కువ, 1.66 మెగాహెర్ట్జ్. జపాన్‌ది 1.79. ప్రాసెసర్ తగ్గితే స్వరం కూడా దిగుతుంది, ఈ తేడాకి అర స్వరం కంటే కొంచెం ఎక్కువే. ఆసియా నకలు పెట్టెలు చేసినవాళ్లు తెలివిగా ఇంకో దారి పట్టారు. ప్రాసెసర్‌ని 1.77 దగ్గర, అంటే జపాన్ దానికి దాదాపు సమానంగా ఉంచి, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ గీతలు పెంచి యాభైకి సర్దారు. అందువల్ల జపాన్ క్యాసెట్లు ఇబ్బంది లేకుండా నడిచాయి, స్వరం అలాగే ఉంది, నడక మాత్రం నెమ్మదించింది. రష్యాలో 1992 చివర్లో ఇలాంటి పెట్టె డెండీ పేరుతో వచ్చి బాగా అమ్ముడుపోయింది. అందుకే ఎమ్యులేటర్లలో ఆ పద్ధతికి ఆ పేరు స్థిరపడింది. మన టీవీ గేములకి ఏ పేరూ స్థిరపడలేదు, కాబట్టి రష్యా వాళ్ల పేరుతోనే మన చిన్నతనాన్ని వెతుక్కోవాలి.

డెండీ పెట్టి మెషీన్ చేతికిచ్చాను. ఆయనేమీ అనలేదు. గొట్టాలు దాటారు. ఒక చోట గాల్లో ఏమీ లేని చోట ఎగిరి తలతో కొడితే దాక్కున్న పెట్టె బయటపడింది, అది ఎక్కడుందో నాకూ తెలీదు. మొదటి గోయి దాటారు. జెండా దగ్గరికి వచ్చేసరికి షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఆగి చూస్తున్నారు. స్టాప్‌వాచ్‌తో మళ్లీ కొలిచాం. నలభై ఎనిమిది.

ఇందులో ఒక లోపం ఉంది, దాచడం ఇష్టం లేదు. ఆర్36ఎస్ స్క్రీను అరవైసార్లు మారుతుంది. యాభై బొమ్మలు అరవై ఖాళీల్లో సర్దాలంటే ప్రతి ఐదో బొమ్మ రెండుసార్లు కనిపించాలి. తెర పక్కకి జరిగేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. నాకు కనిపిస్తోంది. మేష్టారికి కనిపించలేదు. ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఇక బటన్లు. దీనికి పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. ఆయన అడిగింది "ఆటో బటన్". పాత ప్యాడ్ మీద ఏ, బీ బటన్లకి పైన ఇంకో జత ఉండేది, నొక్కి పట్టుకుంటే దానంతట అదే టకటకా కొట్టేది. ఎఫ్‌సీఈయూఎంఎంలో టర్బో అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఎక్స్, వై బటన్లు ఆ పని చేస్తాయి. ఆర్36ఎస్‌లో బటన్లు వజ్రం ఆకారంలో ఉంటాయి: కింద బీ, కుడివైపు ఏ, ఎడమవైపు వై, పైన ఎక్స్. బొటనవేలు బీ మీద, ఏ మీద ఏటవాలుగా ఆనిస్తే, వాటికి సరిగ్గా పైవరసలో వై, ఎక్స్ వస్తాయి. పాత ప్యాడ్‌ని కాస్త ఒరగబెట్టినట్టే. మార్చాల్సింది ఏమీ లేకుండానే అమిరింది. చాలామంది వేలికి హాయిగా ఉంటుందని బీని వై మీదకి, ఏని బీ మీదకి జరుపుతారు. నేనూ మామూలుగా అదే చేస్తాను. ఈయనకి చేసి ఉంటే టర్బో చోటు పోయేది.

బొమ్మ విషయంలో ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. పాత గేము బొమ్మ 256 బై 240. స్క్రీను 640 బై 480. రెండింతలు చేస్తే 512 బై 480, నిలువు సరిగ్గా నిండుతుంది, పక్కన చెరో 64 చుక్కల నల్ల పట్టీ మిగులుతుంది. ప్రతి చుక్కా కత్తితో కోసినట్టు ఉంటుంది. నాకదే ఇష్టం. మేష్టారు చూసి, "సన్నబడ్డాడేటి?" అన్నారు. టీవీలో బొమ్మ పక్కలకి సాగి వచ్చేది కాబట్టి ఆయన మారియో కొంచెం లావు. నాలుగుకి మూడు నిష్పత్తిలో తెర నిండా సాగదీస్తే అడ్డంగా రెండున్నర రెట్లు అవుతుంది. కొన్ని చుక్కలకి రెండు వరసలు, కొన్నిటికి మూడు వస్తాయి, కదిలేటప్పుడు గీతలు మెరుస్తాయి. బైలీనియర్ ఫిల్టర్ వేసి ఆ మెరుపుని కాస్త అలికాం. నా కంటికి మసకగా ఉంది. ఆయన కంటికి పాత టీవీలా ఉంది. డబ్బులిచ్చేది ఆయన.

చార్జింగ్ గురించి ఒక్క మాట. దీనికి టైప్ సీ గాట్లు రెండుంటాయి. డీసీ అని రాసిన దాంట్లోనే చార్జింగ్, ఓటీజీ అని రాసింది వైఫై డాంగిల్ లాంటివాటికి, మెషీన్ లోపల వైఫై లేదు. రెండువైపులా సీ ఉన్న ఫోన్ కేబుల్ పెడితే ఈ చౌక మెషీన్లు చాలావాటికి కరెంటు ఎక్కదు. చార్జర్‌కి "నేను ఇక్కడున్నాను" అని చెప్పే చిన్న రెసిస్టర్లు బోర్డు మీద వేయరు. పాతరకం వెడల్పు పిన్ను ఉన్న 5 వోల్టుల చార్జర్, దాని కేబులూ ఇచ్చి పంపించాను. లేకపోతే రెండో రోజే బ్యాటరీ పోయిందని తిరిగొస్తారు.

చివరగా సెట్టింగులు సేవ్ చేయడంలో ఒక ఆలోచన వచ్చింది. డెండీని మొత్తం కోర్‌కి పెట్టాలా, ఈ ఒక్క గేముకి పెట్టాలా? ఆయన క్యాసెట్‌లో ఆడినవన్నీ యాభైవే కాబట్టి కోర్‌కే పెట్టేశాను. కార్డులు రెండింటినీ ఇమేజ్ తీసి పెట్టుకున్నాను. కార్డుల ధర కాక ఐదువందలు తీసుకున్నాను. మొదటి రోజు రాత్రి నా మొండితనానికి పోయిన నాలుగు గంటలకి లెక్క కట్టలేదు.

పది రోజుల తర్వాత కుర్రాడు ఒక్కడే సైకిల్ మీద వచ్చాడు. మెషీన్ స్కూలు బ్యాగులో, పుస్తకాల మధ్యలో ఉంది.

"అన్నా, ఇది పాడైపోయింది. మారియో నీళ్లలో నడుస్తున్నట్టున్నాడు."

వాడు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వాడి చేతికి తెలిసింది అరవై.

నాన్న సెట్టింగు తీసేయమంటావా అని అడిగాను. వద్దన్నాడు, తంతారన్నాడు. రెట్రోఆర్క్‌లో ఒక్కో గేముకి వేరే ఆప్షన్లు సేవ్ చేసుకోవచ్చు, అది ఫైలు పేరుని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. అందుకని వాడి చేతే ఫైలుకి ఇంకో కాపీ చేయించి, పేరు మార్పించి, దానికి మాత్రం ఎన్‌టీఎస్‌సీ పెట్టి గేము ఆప్షన్లుగా సేవ్ చేశాను. సేవ్‌లు కూడా పేరుని బట్టే కాబట్టి ఒకరి ఆట ఒకరికి తగలదు. స్టాప్‌వాచ్ వాడి చేతికే ఇచ్చాను. మొదటిది నలభై ఎనిమిది. రెండోది నలభై. ఇప్పుడు వాళ్ల మెనూలో మారియో రెండు వరసల్లో ఉంది, ఒకదాని పేరు "నాన్న", రెండోదాని పేరు "నేను".